నాలుగు ఆటలు ఆడి వెళ్లిపోయిన కౌంటీ క్రికెటర్ జీవితాన్ని రాయడం ఎలా

2022 సెప్టెంబరులో మన మహమ్మద్ సిరాజ్ ఇంగ్లండ్ వెళ్లి, వార్విక్‌షైర్ కౌంటీ (మన జిల్లా వంటి ప్రాంతం పేరున ఆడే జట్టు) తరఫున ఆడిన తొలి మ్యాచ్‌లోనే మరో కౌంటీ సోమర్‌సెట్ మీద ఒక ఇన్నింగ్స్‌లో 5 వికెట్లు తీశాడు. అంతకు ముందు ఏడాది హనుమ విహారి కూడా అదే కౌంటీకి ఆడాడు. ఆ కౌంటీకి ఇన్నేళ్లలో ఆడినవారి జాబితాను తీరికగా చదివితే, పేరు పక్కన మూడు వందలు, నాలుగు వందల మ్యాచ్‌లు ఉన్న ప్రముఖుల మధ్య పది, అయిదు, ఒక్కటి అని ఉన్న పేర్లు ఎన్నో కనిపిస్తాయి. ఏ పాత కౌంటీ జాబితా తీసినా ఇదే తీరు. ఆ చిన్న అంకెల వెనక ఉన్న మనుషులలో ఒకరిని ఎంచుకొని, హైదరాబాద్‌లో కూర్చునే అతని జీవితాన్ని తెలుగు పాఠకులకు నమ్మకంగా ఎలా రాయవచ్చో ఇక్కడ వివరిస్తున్నాను.

కెరీర్ చిన్నది కాబట్టి పని కూడా చిన్నదేనని అనుకోకూడదు. గొప్ప ఆటగాడి విషయంలో ఏది ముఖ్యమో, ఏది కాదో మనకంటే ముందు పదిమంది తేల్చిపెట్టి ఉంటారు. కొద్ది మ్యాచ్‌లే ఆడినవాని విషయంలో ఆ తేల్చే పని మొత్తం మన మీదే పడుతుంది. పైగా అటువంటి జీవితంలో పాఠకుడు అడిగే మొదటి ప్రశ్న అతడు ఎంత ఆడాడని కాదు, ఎందుకు ఆపేశాడని. ఆ ప్రశ్నకు ఆధారంతో సమాధానం చెప్పగలిగితే వ్యాసం నిలుస్తుంది. చెప్పలేకపోతే ఎన్ని గణాంకాలు పేర్చినా నిలవదు. కింద చెప్పే పద్ధతి అంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ఎవరిని ఎంచుకోవాలి

ఎంపికకు ఒక్క నియమం చాలు. అతని ఆట గురించి ఒక ఆధారం, ఆట బయటి జీవితం గురించి మరొక ఆధారం దొరకాలి; రెండోది మొదటిదాన్ని చూసి రాసినది కాకూడదు. స్కోరు కార్డు ఒక్కటే దొరికితే అది జాబితాలో ఒక వరుసగా మిగులుతుంది తప్ప జీవితచరిత్ర కాదు. అలాగే పేరు చుట్టూ మంచి కథ ఉందన్న కారణంతో మాత్రమే మనిషిని ఎంచుకోవడం కూడా సరికాదు, ఎందుకంటే అప్పుడు మనం కథనే మళ్లీ చెబుతాం, మనిషిని వెతకం.

ఈ వ్యాసంలో ప్రధాన ఉదాహరణగా పెర్సీ జీవ్స్‌ను తీసుకుంటున్నాను. అతడు 1912 నుంచి 1914 వరకు వార్విక్‌షైర్‌కు ఆడాడు. మొత్తం 50 ఫస్ట్ క్లాస్ (కనీసం మూడు రోజులకు ఉద్దేశించిన, పై స్థాయి) మ్యాచ్‌లలో 1,204 పరుగులు చేసి, 199 వికెట్లు తీశాడు. అక్కడక్కడా ఫ్రెడ్ హైలాండ్ పేరు కూడా వస్తుంది. 1924లో హాంప్‌షైర్‌కు ఆడిన ఒక్క మ్యాచే హైలాండ్ ఫస్ట్ క్లాస్ జీవితం మొత్తం.

కార్డు కంటే ముందు స్కోరు పుస్తకం

వందేళ్ల కిందటి స్కోరు కార్డును తెరవబోయే ముందు, లీగ్ మ్యాచ్ జరిగే రోజున సికింద్రాబాద్ జింఖానా మైదానానికో పరేడ్ గ్రౌండ్స్‌కో వెళ్లి, స్కోరర్ అనుమతి అడిగి, అతని పక్కన ఒక పూట కూర్చోండి. ఇది వినడానికి సంబంధం లేని సలహాలా ఉంటుంది గాని, దీనికి మించిన శిక్షణ లేదు. స్కోరు పుస్తకంలో ప్రతి బంతికీ ఒక గుర్తు పడుతుంది. పరుగు రాని బంతికి చుక్క, వచ్చిన పరుగుకు అంకె, వికెట్‌కు వేరే గుర్తు, పరుగే రాని మెయిడెన్ ఓవర్ అయితే ఆరు చుక్కలనూ కలుపుతూ గీత. బ్యాటర్ వరుసను, బౌలర్ వరుసను పక్కపక్కన పెట్టి చూస్తే ఏ బంతిని ఎవరు వేశారో, ఎవరు ఎదుర్కొన్నారో తిరిగి కట్టుకోవచ్చు.

ఆ పుస్తకం అచ్చు కార్డుగా మారినప్పుడు పోయేదేమిటో అక్కడే అర్థమవుతుంది. బ్యాటర్ పేరు ఎదుట సున్నా ఉంటే, అతడు మొదటి బంతికే వెనుదిరిగాడో, ఓటమి తప్పించడానికి గంటసేపు వికెట్ కాచుకొని చివరికి అవుటయ్యాడో పాత కార్డు చెప్పదు. జారవిడిచిన క్యాచ్‌లు అందులో ఉండవు. బౌలర్‌కు ఎదురుగాలిలో బంతి ఇచ్చారో లేదో ఉండదు. అందువల్ల కార్డులో సున్నా చూసి ‘ఘోరంగా విఫలమయ్యాడు’ అని రాసే హక్కు మనకు లేదు. ‘పరుగులు చేయలేదు’ అన్నంత వరకే మనకు తెలిసినది, అంతవరకే రాయాలి.

ఇక కార్డులో చూడవలసిన గుర్తులు కొన్ని ఉన్నాయి. ఓవర్‌కు ఎన్ని బంతులో ముందుగా చూసుకోండి: ఇంగ్లండ్‌లో 1888 వరకు నాలుగు, 1889 నుంచి 1899 వరకు అయిదు, 1900 నుంచి ఆరు, 1939 సీజన్‌లో మాత్రం ఎనిమిది. 1885లో ఒక బౌలర్ 30 ఓవర్లు వేశాడంటే అవి 120 బంతులే, అంటే నేటి లెక్కన 20 ఓవర్లు. ‘గాయం వల్ల హాజరుకాలేదు’ అన్న అర్థం వచ్చే గుర్తు చివరి మ్యాచ్ కార్డులో అతని పేరు ఎదుట ఉంటే దాన్ని ఒక పట్టాన వదలవద్దు. ఆట ఎందుకు ఆగిందన్న ప్రశ్నకు తొలి ఆనవాలు చాలాసార్లు అక్కడే ఉంటుంది.

పేరు రాసిన తీరు కూడా సమాచారమే. మనకు పేరు ముందు ఉండే అక్షరాలలో మొదటిది సాధారణంగా ఇంటిపేరు, వి.వి.ఎస్. లక్ష్మణ్‌లో మొదటి ‘వి’ వంగీపురపు. ఇంగ్లీషు కార్డులో అది తలకిందులు: అక్షరాలన్నీ సొంత పేర్లవి, పూర్తిగా రాసినది ఇంటిపేరు. దీన్ని గుర్తుంచుకోకపోతే జనన రిజిస్టర్లలో వెతుకులాట మొదటి మెట్టులోనే దారి తప్పుతుంది. అంతకంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. 1962 వరకు ఇంగ్లండ్ క్రికెట్‌లో అమెచ్యూర్లు, ప్రొఫెషనల్స్ అని రెండు తరగతులు ఉండేవి. ఇద్దరినీ కార్డుల్లో వేర్వేరుగా అచ్చువేసేవారు. అమెచ్యూర్‌కు పేరు ముందు అక్షరాలు పెట్టేవారు. ప్రొఫెషనల్‌కు ఇంటిపేరు మాత్రమే వేయడమో, అక్షరాలను ఇంటిపేరు తరవాత చేర్చడమో ఉండేది. ఇది మర్యాదకు సంబంధించిన తేడాగా మాత్రమే చూస్తే అసలు విషయం జారిపోతుంది. అమెచ్యూర్‌కు ఆట జీతం ఇవ్వదు కాబట్టి ఉద్యోగమో, కుటుంబ వ్యాపారమో, రెజిమెంటో పిలిచినప్పుడు అతడు వెళ్లిపోవాలి. ప్రొఫెషనల్‌కు ఆటే జీతం కాబట్టి కౌంటీ వద్దన్న రోజున అతడు వేరే పని వెతుక్కోవాలి. పేరు అచ్చైన తీరును బట్టి, ఆట ఆగడానికి కారణం ఏ వైపు వెతకాలో తెలుస్తుంది.

అంకెలను మాట్లాడించడం

చాలామంది మొత్తం అంకెలను ఒక వాక్యంలో చెప్పి వదిలేస్తారు. చిన్న కెరీర్‌లో అంకెలు తక్కువ కాబట్టి వాటిని విడదీసి చూసే వీలు ఎక్కువ. దానికి కాగితం, కలం, భాగహారం వస్తే చాలు. పెర్సీ జీవ్స్ అంకెలతో చేసి చూపిస్తాను.

మొత్తం మీద అతని బ్యాటింగ్ సగటు 16.05. సగటు అంటే పరుగులను అవుటైన సార్లతో భాగించినది. నాటౌట్‌గా మిగిలిన ఇన్నింగ్స్‌లోని పరుగులు కలుస్తాయి గాని, ఆ ఇన్నింగ్స్ అవుటైన సార్ల లెక్కలోకి రావు. 1,204ను 16.05తో భాగిస్తే 75 వస్తుంది, అంటే మొత్తం కెరీర్‌లో అతడు 75 సార్లు అవుటయ్యాడు. ఇప్పుడు 1913 సీజన్‌ను విడిగా తీసుకోండి. ఆ ఏడాది అతడు 20.13 సగటుతో 765 పరుగులు చేశాడు. 765ను 20.13తో భాగిస్తే 38. అంటే 1913ను పక్కన పెడితే, 1912, 1914 సీజన్లు కలిపి మిగిలేవి 439 పరుగులు, 37 అవుట్లు. సగటు 12కు కాస్త తక్కువ. ఆ రెండింటిలో 1912లో అతడు ఆడినవి రెండే మ్యాచ్‌లు కాబట్టి ఈ తగ్గుదల దాదాపు అంతా 1914దే.

బౌలింగ్‌కు వద్దాం. మొత్తం 199 వికెట్లు, సగటు 20.03. 1913లో 106 వికెట్లు, సగటు 20.88. 1914లో 90 వికెట్లు. కాబట్టి 1912కు మిగిలేవి 3 వికెట్లు. సగటును వికెట్లతో గుణిస్తే బౌలర్ ఇచ్చిన పరుగులు వస్తాయి: మొత్తం సుమారు 3,986, 1913లో సుమారు 2,213. మిగిలిన రెండు సీజన్లలో 93 వికెట్లకు సుమారు 1,773 పరుగులు. అంటే వికెట్‌కు సుమారు 19.

ఇప్పుడు చూడండి, మొత్తం అంకెలలో లేని సంగతి ఒకటి బయటపడింది. 1914లో అతని బ్యాటింగ్ పడిపోయింది, బౌలింగ్ మాత్రం 1913 కంటే కాస్త పదునెక్కింది. ఇంగ్లండ్‌లో వెలువడే క్రికెట్ వార్షిక సంచిక విజ్డెన్ అతని మరణ వార్తలో, 1914లో బౌలర్‌గా నిలదొక్కుకున్నాడని, బ్యాటింగ్‌లో మునుపటంత రాణించలేదని రాసింది. మన లెక్క ఆ మాటను బలపరుస్తోంది, బౌలింగ్ విషయంలో ఒక అడుగు ముందుకు కూడా వెళ్తోంది. ఆల్‌రౌండర్‌గా వచ్చినవాడు బౌలర్‌గా తేలుతున్న దశలో ఆట ఆగిపోయిందని రాయడానికి ఇప్పుడు మనకు ఆధారం ఉంది. ఇటువంటి వాక్యం ఒక్కటి సంపాదించగలిగితే ఆ పూట కష్టానికి ఫలితం దక్కినట్టే.

ఒక హెచ్చరిక అవసరం. ఏ మ్యాచ్ ఫస్ట్ క్లాస్ అన్నది ఇంగ్లండ్‌లో 1894లో కౌంటీలు, ఆట నియమాలను చూసే ఎంసీసీ (మెరిల్‌బోన్ క్రికెట్ క్లబ్) కలిసి ఒక నిర్ణయానికి వచ్చాకే స్థిరపడింది. అంతర్జాతీయ స్థాయిలో నిర్వచనం వచ్చింది 1947లో. కాబట్టి 1894కు ముందు ఆడినవారి మొత్తం అంకెలు ఒక సంకలనంలో ఒకలా, మరొకదానిలో మరోలా ఉండవచ్చు. రెండింటినీ కలిపి సగటు తీయడం, తనకు నచ్చినది ఎంచుకోవడం రెండూ తప్పే. ఒక సంకలనాన్ని ఎంచుకొని, మొదటి నుంచి చివరి వరకు దానికే కట్టుబడాలి.

ఆట ఎలా మొదలైంది, ఎందుకు ఆగింది

మొదలును అర్థం చేసుకోవడానికి అర్హత నియమం తెలియాలి. 1873 నుంచి ఉన్న నియమం ప్రకారం, పుట్టిన కౌంటీకి కాకుండా వేరే కౌంటీకి ఆడదలచినవాడు అక్కడ రెండేళ్లు నివాసం ఉండాలి. జీవ్స్ పుట్టింది 1888 మార్చి 5న, యార్క్‌షైర్‌లోని ఎర్ల్స్‌హీటన్‌లో. గూల్ క్లబ్‌లో ఆడి, హాస్ క్లబ్‌లో ప్రొఫెషనల్‌గా కుదిరాడు. 1910లో యార్క్‌షైర్ ట్రయల్ మ్యాచ్‌లలో ఆడినా ఆ కౌంటీ తీసుకోలేదు. తరవాత వార్విక్‌షైర్‌కు వెళ్లాడు. 1912లో అర్హత గడువు ఇంకా పూర్తికాలేదు. అందుకే ఆ ఏడాది కౌంటీల మధ్య జరిగే ఛాంపియన్‌షిప్‌లో కాకుండా, పర్యటనకు వచ్చిన ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా జట్లతో మాత్రమే ఆడాడు. ఈ సంగతి తెలియని రచయిత ‘1912లో రెండు మ్యాచ్‌లలో 3 వికెట్లే తీసినందుకు పక్కన పెట్టారు’ అని రాసే ప్రమాదం ఉంది. పక్కన పెట్టలేదు, నియమం ఆపింది. మొదటి, చివరి సంవత్సరాల మధ్య ఉన్న ప్రతి ఖాళీకీ ఇలాంటి కారణం ఉందేమో వెతికి చూశాకే ‘జట్టులో చోటు కోల్పోయాడు’ అన్న మాట వాడాలి.

సైన్యంలో ఉన్న అమెచ్యూర్ల విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం. ఆర్.ఎం. పూర్ అనే సైనికాధికారి 1899లో హాంప్‌షైర్‌కు ఆడి, సోమర్‌సెట్ మీద 304 పరుగులు చేసి, ఆ సీజన్‌ను 91.23 సగటుతో ముగించాడు. తరవాతి రెండు సీజన్లలో అతని పేరు కనిపించదు. ఫామ్ పోయిందా? లేదు, 1899 అక్టోబరులో దక్షిణాఫ్రికాలో యుద్ధం మొదలైంది, అతడు అక్కడికి వెళ్లాడు. ఇటువంటివారి ఆట సెలవుల మీద నడిచేది. అందువల్ల రెజిమెంటు ఏ ఏడాది ఎక్కడ ఉందో తెలుసుకొని, దాన్ని ఆడిన మ్యాచ్‌ల తేదీల పక్కన పెట్టి చూడాలి. ఆ రెజిమెంటు సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో ఉన్నట్టు తేలినా ఆశ్చర్యపోనక్కరలేదు. అప్పుడు మన ఊరి పాత మ్యాచ్‌ల వార్తల్లోనూ ఆ పేరు కోసం వెతకవచ్చు.

ఒక్కోసారి కారణం వాన. ఫ్రెడ్ హైలాండ్ 1924లో నార్తాంప్టన్‌లో నార్తాంప్టన్‌షైర్ మీద హాంప్‌షైర్ తరఫున ప్రొఫెషనల్‌గా మైదానంలోకి దిగాడు. ఆ మ్యాచ్‌లో సాధ్యమైంది రెండే ఓవర్లు. నార్తాంప్టన్‌షైర్ వికెట్ కోల్పోకుండా ఒక్క పరుగు చేసింది, అంతటితో ఆట ముగిసింది. హైలాండ్‌కు బ్యాట్ పట్టే అవకాశమే రాలేదు, మళ్లీ ఫస్ట్ క్లాస్ మ్యాచ్ ఆడే పిలుపూ రాలేదు. అతని గురించి రాసేవారు చాలామంది ఈ రెండు ఓవర్ల వద్దే ఆగి, ప్రపంచంలోకెల్లా చిన్న కెరీర్ అని ఆశ్చర్యపోయి ముగిస్తారు. అతడు 1964 ఫిబ్రవరిలో 70 ఏళ్ల వయసులో మరణించినప్పుడు విజ్డెన్ రాసిన కొద్ది వాక్యాలలో చివరిది నాకు అన్నిటికంటే విలువైనదిగా తోస్తుంది: తరవాతి కాలంలో అతడు చెషైర్‌లో మొక్కల పెంపకందారుగా మంచి పేరు తెచ్చుకున్నాడని అందులో ఉంది. రెండు ఓవర్ల తరవాత నలభై ఏళ్ల బతుకు ఉంది. అందులో నేర్పు ఉంది, గుర్తింపు ఉంది. హైలాండ్ గురించి రాసే వ్యాసంలో నర్సరీకి దక్కవలసిన చోటు వానకు దక్కిన చోటు కంటే తక్కువ కాకూడదు.

జీవ్స్ విషయంలో కారణం యుద్ధం. 1914 జూలైలో లండన్‌లోని ఓవల్ మైదానంలో జెంటిల్మెన్‌ (అమెచ్యూర్ల జట్టు)తో జరిగిన మ్యాచ్‌కు అతడు ప్లేయర్స్ (ప్రొఫెషనల్స్) జట్టుకు ఎంపికయ్యాడు. రెండో ఇన్నింగ్స్‌లో 15 ఓవర్లు వేసి, 44 పరుగులిచ్చి 4 వికెట్లు తీశాడు. అది చూసిన ఇంగ్లండ్ మాజీ కెప్టెన్ పి.ఎఫ్. వార్నర్, ఇతడు త్వరలో ఇంగ్లండ్ బౌలర్ అవుతాడని అన్నాడు. నెల తిరగకముందే, ఆగస్టు 4న, బ్రిటన్ యుద్ధం ప్రకటించింది. జీవ్స్ రాయల్ వార్విక్‌షైర్ రెజిమెంట్‌లో చేరి, 1916 జూలై 22న సోమ్ యుద్ధరంగంలో హై వుడ్ దగ్గర చనిపోయాడు. అప్పటికి అతనికి 28 ఏళ్లు. ఇక్కడ రచయిత చేయకూడని పని ఒకటుంది. యుద్ధం రాకపోతే ఇంగ్లండ్‌కు ఆడేవాడే అని మన సొంత మాటగా రాయకూడదు. వార్నర్ అలా అన్నాడని రాయాలి, ఎప్పుడు, ఏ ఆట చూసి అన్నాడో చెప్పాలి. మన అంచనాకంటే ఆ రోజు మైదానంలో ఉన్నవాని అంచనాకే బరువు ఎక్కువ.

మైదానం బయటి రికార్డులు

ఇంగ్లండ్, వేల్స్‌లలో జనన మరణాల ప్రభుత్వ నమోదు 1837లో మొదలైంది. సూచికలు మూడేసి నెలల చొప్పున ఉంటాయి. అవి చూపేది నమోదు చేసిన కాలాన్ని, పుట్టిన తేదీని కాదు. కాబట్టి మార్చి చివర పుట్టినవాని పేరు తరవాతి త్రైమాసికంలో కనిపించవచ్చు. జనాభా లెక్కలు పదేళ్లకొకసారి తీసినవి. వందేళ్లు దాటాక గాని బయటపెట్టరు కాబట్టి 1921 లెక్కలు 2022లో అందుబాటులోకి వచ్చాయి. 1931 నాటి పత్రాలు 1942లో అగ్నిప్రమాదంలో పోయాయి, 1941లో యుద్ధం వల్ల లెక్కలు తీయలేదు. ఆ పెద్ద ఖాళీలో 1939 సెప్టెంబరులో ఇంటింటికీ తిరిగి తయారుచేసిన రిజిస్టరు ఒక్కటే ఆధారం. రెండు యుద్ధాల మధ్య ఆడి, ఆ తరవాత కనబడకుండా పోయినవాడు ఏ వృత్తిలో స్థిరపడ్డాడో అందులో దొరికే అవకాశం ఎక్కువ.

యుద్ధంలో చనిపోయినవారి వివరాలు కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ వెబ్‌సైటులో ఉచితంగా చూడవచ్చు. జీవ్స్‌కు సమాధి లేదు. అతని పేరు ఫ్రాన్స్‌లోని థీప్వాల్ స్మారకం మీద, ఆచూకీ దొరకని 72 వేలకు పైగా సైనికుల పేర్ల మధ్య చెక్కి ఉంది. ఆ స్మారకాన్ని ఆవిష్కరించింది 1932లో. పేరు, రెజిమెంటు, మరణ తేదీ మూడూ సరిపోతేనే అదే మనిషి అని నిర్ధారించుకోవాలి. ఇంగ్లీషు ఇంటిపేర్లు సైనిక జాబితాలలో ఎన్నోసార్లు పునరావృతం అవుతాయి కాబట్టి పేరు ఒక్కటి కలిస్తే చాలదు.

హైదరాబాద్‌లో ఉన్నవారికి అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఒక ఆసరా. అక్కడికి వెళ్లేముందు ఏ ఇంగ్లీషు పత్రికల పాత సంపుటాలు చూడనిస్తారో కనుక్కొని, కావలసిన తేదీలను ఒక కాగితం మీద రాసుకొని వెళ్లండి. తేదీ లేకుండా పాత సంపుటం ముందు కూర్చుంటే రోజంతా గడిచినా పని జరగదు. ఇంగ్లండ్‌లోని కౌంటీ క్లబ్‌కో, స్థానిక చరిత్ర సంఘానికో ఉత్తరం రాయదలిస్తే సీజన్ ముగిశాక, అక్టోబరు నుంచి మార్చి లోపు రాయడం మంచిది. ఒక ఉత్తరంలో ఒకే ప్రశ్న ఉండాలి, అప్పటికే మీకు తెలిసినది అందులో చెప్పాలి. ‘మీ దగ్గర ఉన్నదంతా పంపండి’ అన్న ఉత్తరానికి జవాబు రావడం కష్టం. ‘1919లో ఇతని ఒప్పందం రద్దయినట్టు కమిటీ మినిట్స్‌లో ఉందా’ అన్న ఉత్తరానికి వస్తుంది. ఫోన్ చేయవలసి వస్తే వేసవిలో మనకంటే నాలుగున్నర గంటలు, శీతాకాలంలో అయిదున్నర గంటలు వారు వెనక ఉంటారు. మన మధ్యాహ్నం మూడు దాటాక చేస్తే వారి కార్యాలయాలు తెరిచి ఉంటాయి.

కథ మనిషిని మింగకుండా

జీవ్స్ పేరు క్రికెట్ చదవనివారికి కూడా తెలుసు, కారణం ఇంగ్లీషు హాస్య రచయిత పి.జి. వుడ్‌హౌస్. 1913లో చెల్ట్‌నమ్‌లో గ్లోస్టర్‌షైర్‌తో జరిగిన మ్యాచ్‌లో ఈ ఆటగాణ్ని చూసి, తాను సృష్టించిన సేవకుడి పాత్రకు ఆ పేరు పెట్టానని 1967లో ఆ రచయితే ఉత్తరంలో చెప్పాడు. ఆ పాత్ర మొదట అచ్చులో కనిపించింది 1915లో. అప్పటికి పెర్సీ జీవ్స్ బతికే ఉన్నాడు, సైన్యంలో ఉన్నాడు.

ఇది తప్పక చెప్పవలసిన సంగతి. అయితే దీన్ని మొదటి వాక్యంలో పెడితే పాఠకుడు మిగతా వ్యాసమంతా ఆ సేవకుణ్నే తలచుకుంటూ చదువుతాడు, పెర్సీ కనబడడు. అందుకే నా సలహా ఏమిటంటే, ఆట, యుద్ధం, మరణం చెప్పడం పూర్తయ్యాక, ఒక్క పేరాలో, తేదీలతో సహా దీన్ని చెప్పి వదిలేయాలి. ఇటువంటి ప్రసిద్ధ కథ ఏ ఆటగాడి చుట్టూ ఉన్నా మూడు విషయాలు తేల్చుకోవాలి: మొదట చెప్పింది ఎవరు, సంఘటన జరిగిన ఎన్నేళ్లకు చెప్పారు, చెప్పినవారు స్వయంగా చూశారా. ఇక్కడ చెప్పినవాడు పాత్రను సృష్టించినవాడే కాబట్టి నమ్మవచ్చు, కాని చెప్పింది 54 ఏళ్ల తరవాత అన్న సంగతిని కూడా పాఠకునికి తెలియజేయాలి.

రాయడానికి కూర్చున్నాక

తెలుగు పాఠకునికి టెస్టులు, వన్డేలు, ఐపీఎల్ బాగా తెలుసు. కౌంటీ ఛాంపియన్‌షిప్ 1890 నుంచి అధికారికంగా నడుస్తోందని, జీవ్స్ కాలంలో మ్యాచ్‌లు మూడు రోజులవని, వేసవిలో వారానికి రెండు మ్యాచ్‌లు ఆడడం మామూలని రెండు వాక్యాలలో చెబితే సరిపోతుంది. నియమాల వివరణ ఎప్పుడూ అవసరం పడిన చోటే రావాలి. నివాస నియమాన్ని మొదట్లో పాఠంలా చెప్పకుండా, 1912లో రెండే మ్యాచ్‌లు ఎందుకన్న ప్రశ్న వచ్చినప్పుడు చెబితే పాఠకునికి గుర్తుంటుంది.

మచ్చుకు ఒక పేరా ఇలా ఉండవచ్చు: ‘1913 సీజన్ ముగిసేసరికి పెర్సీ జీవ్స్ 106 వికెట్లు, 765 పరుగులతో వార్విక్‌షైర్ జట్టులో స్థిరపడ్డాడు. మీడియం కంటే కాస్త వేగంగా, శ్రమ లేనట్టు కనిపించే యాక్షన్‌తో బంతి వేసేవాడు. పిచ్ మీద పడ్డాక బంతి చురుగ్గా తిరిగేది. మరుసటి ఏడాది పరుగులు తగ్గినా, 90 వికెట్లు తీసి, ప్లేయర్స్ జట్టు దాకా వెళ్లాడు. తోటి ఆటగాళ్లకు అతడంటే ఎంతో ఇష్టం.’ ఇందులో ప్రతి మాటకూ ఆధారం ఉంది. ‘అద్భుతమైన’, ‘అసమాన’, ‘దురదృష్టవంతుడు’ వంటి మాటలు లేవు. అవి లేకపోవడం వల్ల లోటేమీ లేదు. మరణం గురించి రాసేటప్పుడు విశేషణాలు మరింత తగ్గించాలి. తేదీ, చోటు, వయసు చెబితే పాఠకుని మనసు తనంతట తానే బరువెక్కుతుంది.

నిడివి గురించి చాలామంది అడుగుతారు. ఆధారం ఉన్నంత వరకే నిడివి. జీవ్స్ మీద రెండు వేల మాటలు రాయవచ్చు. హైలాండ్ మీద నాలుగు వందలు దాటితే అందులో కల్పన చేరి ఉండే అవకాశం ఉంది. తెలియని చోటును ‘బహుశా’లతో నింపే అలవాటు మన వ్యాసాలలో ఎక్కువ. ఒక వ్యాసంలో ‘బహుశా’ రెండుసార్లకు మించి వస్తే, ఆ వాక్యాలు తీసేసి మళ్లీ చదవండి, వ్యాసం బిగువెక్కినట్టు మీకే తెలుస్తుంది.

ఇదే పద్ధతి మన ఊరికి

ఈ పని పట్టుబడ్డాక హైదరాబాద్ ఆటగాళ్ల కౌంటీ రోజుల మీద కూడా దృష్టి పెట్టవచ్చు. హైదరాబాద్‌లో పుట్టిన అబ్బాస్ అలీ బేగ్ ఆక్స్‌ఫర్డ్‌లో చదువుతూ ఉండగా, 1959లో ఇంగ్లండ్ పర్యటనలో ఉన్న భారత జట్టు నుంచి పిలుపు వచ్చి, మాంచెస్టర్‌లో తొలి టెస్టులోనే 112 పరుగులు చేశాడు. తరవాత 1960 నుంచి 1962 వరకు సోమర్‌సెట్‌కు కూడా ఆడాడు. అతని టెస్టుల మీద రాసినవారు ఉన్నారు. విద్యార్థిగా ఉంటూ సెలవుల్లో ఆడిన ఆ కౌంటీ మ్యాచ్‌లను ఒక్కొక్కటిగా కార్డులు ముందు పెట్టుకొని రాసిన తెలుగు వ్యాసం ఉంటే నేను ఎంతో ఇష్టంగా చదువుతాను. అజహరుద్దీన్ డెర్బీషైర్‌కు 1991, 1994లలో, లక్ష్మణ్ లాంకషైర్‌కు 2007, 2009లలో ఆడినవి కూడా ఈ కోవలోకే వస్తాయి. 1937–38లో హైదరాబాద్ ఒక్క వికెట్ తేడాతో రంజీ ట్రోఫీ గెలిచినప్పుడు 137 పరుగులతో నాటౌట్‌గా నిలిచిన ఇ.బి. ఐబరా పేరు కొందరికైనా తెలుసు. ఆ కాలంలో మన జట్టుకు ఒకటి రెండు మ్యాచ్‌లు ఆడి ఆగిపోయినవారి పేర్లకు కూడా ఇదే ఓపికతో వెతుకులాట జరగాలి.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. వందేళ్ల కిందటి ఇంగ్లీషు ఆటగాని విషయంలో మనం రికార్డులకు మాత్రమే జవాబుదారులం. ఇటీవలివారి విషయంలో ఆ మనిషో, పిల్లలో మన మధ్యే ఉంటారు. కాబట్టి అనారోగ్యం, డబ్బు ఇబ్బందులు, ఇంటి గొడవలు ఆట ఆగడానికి కారణమైనట్టు తెలిసినా, కుటుంబం ఒప్పుకుంటేనే రాయాలి, లేకపోతే చివరి మ్యాచ్ తేదీతో ఆపాలి. చిరునామాలు, ఫోన్ నంబర్లు, మనుమల పేర్లు వ్యాసంలో ఉండకూడదు. కుటుంబం చూపించిన స్కోరు పుస్తకాన్నో, ఫొటోనో తిరిగి ఇచ్చేముందు రెండు వైపులా ఫొటో తీసుకోండి. పాత ఫొటోల వెనక పెన్సిల్‌తో రాసిన తేదీలు, జట్టు సభ్యుల వరుస చాలాసార్లు ముందువైపు కంటే ఎక్కువ చెబుతాయి. ఇంకు మీద టేపు అంటించవద్దు, లామినేషన్ అసలే చేయించవద్దు. ఆమ్లం లేని కాగితపు కవరులో పెట్టి వారికే ఇచ్చేయండి.